వేల్స్ గోల్ఫ్ కోర్సులకి మనమూ వెళ్ళొచ్చు

(కార్డిఫ్‌లో తెలుగు కుటుంబాల ఆదివారం కలయికలో మాట్లాడింది. రికార్డింగ్ విని ఉన్నదున్నట్టు రాశాం.)

అందరికీ నమస్కారమండీ. వెనకాల వాళ్ళకి వినపడుతోందా? సరే. పిల్లలు అటుపక్క ఆడుకుంటున్నారు కాబట్టి కొంచెం గట్టిగానే మాట్లాడతాను.

పోయిన నెల ఇక్కడే భోజనాల దగ్గర ఒక తమ్ముడు అడిగాడు, "అన్నా, నువ్వు గోల్ఫ్ ఆడతావట కదా, ఎవరన్నా మెంబర్ చెప్తే తప్ప లోపలికి రానివ్వరంట కదా" అని. చుట్టూ ఉన్నవాళ్ళు అందరూ అవునవును అన్నారు. నాకు ఆ రోజు రాత్రి నిద్ర పట్టలేదండీ నిజంగా. ఈ దేశంలో పదేళ్ళు పదిహేనేళ్ళు ఉండి, ఇల్లు కొనుక్కుని, పిల్లల్ని ఇక్కడే పెంచుకుంటూ, ఆదివారం పూట ఆ పచ్చగడ్డి పక్కనుంచి కారులో పోతూ "అది మనకి కాదులే" అనుకుని పోతున్నాం. ఆ మాట తప్పు. వేల్స్‌లో అయితే మరీ తప్పు. అది చెప్దామనే ఈరోజు నిలబడ్డాను.

మన వైపు గోల్ఫ్ అంటే ఏం గుర్తొస్తుంది, గోడ, గేటు, గేటు దగ్గర సెక్యూరిటీ, లోపల ఎవరో పెద్ద పెద్దవాళ్ళు. హైదరాబాద్‌లో గోల్కొండ నయా ఖిలా వైపు వెళ్ళినవాళ్ళు ఉన్నారా ఇక్కడ? హథియాన్ కా ఝాడ్ అంటారు, ఆ పెద్ద బావోబాబ్ చెట్టు, అది చూసినవాళ్ళకి తెలుసు, చుట్టూ ఇప్పుడు గోల్ఫ్ కోర్సే. మన కళ్ళల్లో ఉన్న బొమ్మ అలాంటిది. ఆ బొమ్మ పెట్టుకుని ఇక్కడికొచ్చాం కాబట్టి ఇక్కడా గేటు ఉంటుందనుకుంటాం. ఇక్కడ చాలాచోట్ల గేటే ఉండదండీ. గొర్రెలుంటాయి.

నేను నవ్వులకి చెప్పట్లేదు. మన ఊళ్ళల్లో మేత పోరంబోకు ఉండేది కదా, ఊరి పశువులన్నీ అక్కడికే తోలుకెళ్ళేవాళ్ళు, ఎవరి పట్టా భూమీ కాదు, అలాంటిదే ఇక్కడ కామన్ అంటారు. తేడా ఒకటుంది, ఇక్కడ కామన్‌కి కాగితం మీద ఓనర్ ఉంటాడు, కానీ చుట్టుపక్కల రైతులకి గొర్రెలు మేపుకునే హక్కు తరతరాలుగా ఉంటుంది, ఆ హక్కుని ఓనర్ కూడా కాదనలేడు. వేల్స్‌లో మంచి పేరున్న కోర్సులు కొన్ని ఇలాంటి కామన్‌ల మీదే ఉన్నాయి. పోర్త్‌కాల్ క్లబ్ 1891లో కార్డిఫ్ వ్యాపారులు పెట్టినప్పుడు మొదట తొమ్మిది హోల్స్, అంటే బంతి పడాల్సిన గుంటలు, వేసుకుంది లాక్స్ కామన్ అనే మేత భూమి మీదే, తర్వాత కొన్నేళ్ళకి పక్కనే సముద్రం ఒడ్డుకి మారారు. సదర్న్‌డౌన్‌లో ఇప్పటికీ గొర్రెలే గడ్డి కొరుకుతాయి. స్వాన్సీ పక్కన గోవర్‌లో పెన్నార్డ్‌కి వెళ్తే ఆవులు, గుర్రాలు కూడా తిరుగుతుంటాయి. అంటే ఆ నేల మీద మొదటి హక్కు వాటిది, తర్వాతే గోల్ఫ్ వాళ్ళది. ఇలాంటి చోట మనల్ని మాత్రం ఎవరాపుతారండీ?

ఇంకో మాట ముందే చెప్పాలి, లింక్స్ అనే మాట. చాలామంది గోల్ఫ్ కోర్సుకి ఇంకో పేరు అనుకుంటారు. కాదు. సముద్రం వెనక్కి వెళ్ళాక మిగిలిన ఇసుక నేల, అటు బీచ్ కాదు, ఇటు పొలమూ కాదు, మధ్యలో గుట్టలు గుట్టలుగా ఉంటుంది చూడండి, అది లింక్స్. మన కోస్తాలో అలాంటి చోట సరుగుడు తోటలేస్తారు, ఇంకేం పండదు కాబట్టి. ఇక్కడ చెట్టు కూడా నిలవదు, గాలి అంత ఉంటుంది, మారమ్ అని ఒక గట్టి గడ్డి పెరుగుతుంది, దాని వేళ్ళే ఇసుకని పట్టుకుని ఉంచుతాయి. గొర్రెలు ఆ చుట్టుపక్కల సన్నగడ్డిని కొరికి కొరికి తివాచీలా చేస్తాయి, గాలికి దాక్కోవడానికి గుంట చూసుకుని పడుకుంటాయి. కోర్సులో ఉండే ఇసుక గుంటలు, బంకర్లంటారు, మొదట అలా పుట్టినవే అని ఆటగాళ్ళు చెప్పుకుంటారు. వాన పడ్డా నీళ్ళు నిలవవు, ఇసుక తాగేస్తుంది, అందుకే డిసెంబర్‌లో కూడా ఆడుకోవచ్చు.

ఇది కళ్ళారా చూడాలంటే హార్లెఖ్ వెళ్ళాలండీ. హెచ్ ఏ ఆర్ ఎల్ ఈ సీ హెచ్, చివర ఖ్. మనకి ఖ పలకడం కష్టం కాదు, ఇంగ్లీషు వాళ్ళకే కష్టం, ఈ ఒక్క విషయంలో మనం వాళ్ళకన్నా ముందున్నాం. అక్కడ కొండరాయి మీద కోట ఉంది, మొదటి ఎడ్వర్డ్ రాజు 1280లలో కట్టించినది. ఆ కోట నుంచి కిందికి మెట్లదారి ఉంటుంది, ఓడల్లో సరుకులు తెచ్చి పైకి ఎక్కించుకోవడానికి. అంటే అప్పుడు సముద్రం కోట కాళ్ళ దగ్గరే ఉండేది. ఇప్పుడు పైనుంచి చూస్తే నీళ్ళు ఎక్కడో దూరంగా మెరుస్తుంటాయి, మధ్యలో ఆ వెనక్కి జరిగిన సముద్రం వదిలేసిన నేలంతా పరుచుకుని ఉంది, మోర్వా అంటారు, అంటే సముద్రపు పర్ర. ఆ నేల మీదే రాయల్ సెయింట్ డేవిడ్స్ గోల్ఫ్ క్లబ్. 1894లో మొదలైంది. క్లబ్ వాళ్ళు చెప్పుకునే కథ ఏంటంటే, హెరాల్డ్ ఫించ్ హాటన్ అని ఒకాయన ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్‌లో కొన్నేళ్ళు ఉండి తిరిగొచ్చాడు, ఈ పర్ర మీద నిలబడి బూమరాంగ్ విసురుకుంటుంటే విలియం హెన్రీ మోర్ అనే ఆయన చూశాడు, మాటా మాటా కలిసింది, ఇద్దరూ కలిసి ఇక్కడ గోల్ఫ్ బాగుంటుంది కదా అనుకున్నారు. అంతే, క్లబ్ పుట్టింది. ఆ కోర్సు పార్ 69, పార్ అంటే మంచి ఆటగాడికి పట్టాల్సిన దెబ్బల లెక్క, చివరి హోల్ పార్ 3, అన్ని హోల్స్ అయిపోయాక ఒక్క దెబ్బతో గ్రీన్ మీదకి, అంటే గుంట చుట్టూ ఉండే నున్నటి గడ్డి మీదకి, కొట్టాలి, క్లబ్‌హౌస్‌లోంచి అందరూ చూస్తుంటారు. పిన్ వైపు, అంటే గుంటలో ఉండే జెండా కర్ర వైపు, చూడబోతే కళ్ళు కోట వైపు పోతాయి. నాకైతే ప్రతిసారీ అదే జరుగుతుంది.

దానికి కొంచెం దక్షిణంగా అబర్‌డవీ. దాని కథ ఇంకా బాగుంటుంది. 1880లలో రిచర్డ్ రక్ అని ఒక మిలిటరీ ఆయన, ఊళ్ళో ఒకావిడ దగ్గర తొమ్మిది పూలకుండీలు అప్పు తీసుకుని, ఆ ఇసుక పర్రలో తొమ్మిది గుంటలు తవ్వి కుండీలు పాతిపెట్టాడు. అవే హోల్స్. ఆర్కిటెక్ట్ లేడు, డబ్బు లేదు, పూలకుండీలు, అంతే. క్లబ్ 1892లో పెట్టారు. ఈ రక్ గారి మేనల్లుడు బెర్నార్డ్ డార్విన్, మనం స్కూల్లో చదువుకున్న ఆ చార్లెస్ డార్విన్‌కి సొంత మనవడు. తల్లి అబర్‌డవీ వైపు ఆడపడుచు, పిల్లాడు పుట్టిన కొద్ది రోజులకే చనిపోయింది. పిల్లాడు తాతగారింట్లో కెంట్‌లో పెరిగాడు, సెలవులొస్తే అమ్మమ్మగారి ఊరికి ఇక్కడికి వచ్చేవాడు. పెద్దయ్యాక లా ప్రాక్టీస్ వదిలేసి గోల్ఫ్ గురించి పేపర్లో రాయడం మొదలుపెట్టాడు, టైమ్స్ పేపర్లో దశాబ్దాలు రాశాడు. 1922లో మొదటి వాకర్ కప్‌కి, అంటే అమెరికాకీ బ్రిటన్, ఐర్లాండ్‌కీ మధ్య డబ్బుకి ఆడని అమెచ్యూర్ల పోటీకి, రిపోర్టర్‌గా అమెరికా వెళ్తే, బ్రిటన్ టీమ్ కెప్టెన్‌కి ఒంట్లో బాగోక ఈయన్ని దించారు, సింగిల్స్ మ్యాచ్ గెలిచాడు కూడా. ఎన్ని దేశాలు తిరిగినా ఆయన మనసు మాత్రం అబర్‌డవీ దగ్గరే ఉండిపోయింది, ప్రపంచంలో ఏ కోర్సూ దీని తర్వాతే అని జీవితమంతా రాస్తూనే ఉన్నాడు. అమ్మమ్మ ఊరి మీద మమకారం అంటే మనకి చెప్పాలా.

అబర్‌డవీలో మూడో హోల్ పేరు కేడర్. పార్ 3. టీ, అంటే మొదటి దెబ్బ కొట్టే చోటు, అక్కడ నిలబడితే ఎదురుగా పెద్ద ఇసుక గుట్ట తప్ప ఏం కనపడదు, గ్రీన్ గుట్ట అవతల ఎక్కడో ఉంది. నమ్మి కొట్టాలి. కొట్టి, ఆ గుట్ట ఎక్కి దిగేదాకా బంతి ఎక్కడ పడిందో తెలీదు. ఆ గుట్ట ఎక్కుతున్నప్పుడు ఉండే ఆత్రం ఉంది చూశారూ, పరీక్ష రిజల్ట్స్ బోర్డు దగ్గరికి నడిచి వెళ్తున్నట్టుంటుంది. ఇప్పటి డిజైనర్ ఎవరూ అలాంటి హోల్ కట్టడు, గుట్టని బుల్‌డోజర్‌తో తీసేస్తాడు. అప్పుడు బుల్‌డోజర్ లేదు కాబట్టి గుట్ట మిగిలింది.

ఇక్కడ ఒక్క క్షణం రైలు గురించి చెప్పాలి, ఎందుకంటే అసలు విషయం అక్కడుంది. కేంబ్రియన్ లైన్ అని తీరం వెంబడి వెళ్ళే రైలు, బోర్త్, అబర్‌డవీ, హార్లెఖ్, పుల్‌హెలీ, అన్నీ దాని మీదే. అబర్‌డవీ స్టేషన్ దిగితే క్లబ్‌హౌస్ ఎదురుగానే. హార్లెఖ్‌లో కూడా కాస్త నడక అంతే. టెన్బీ క్లబ్ 1888లో పెట్టారు, వేల్స్‌లో పాత క్లబ్బుల్లో అది ముందుంటుంది, అక్కడా రైలు పట్టాలు కోర్సు పక్కనే పోతాయి. ఇదేమీ యాదృచ్ఛికం కాదండీ. చిన్న చిన్న ఊళ్ళు, చలికాలంలో జనమే ఉండరు, ఎండాకాలంలో బర్మింగ్‌హామ్ వైపు నుంచి రైలెక్కి సెలవులకి వచ్చేవాళ్ళే ఆధారం. వాళ్ళు ఆడుకుని ఫీజు కడితేనే క్లబ్బు నడిచేది. అంటే ఈ క్లబ్బులు పుట్టుకతోనే విజిటర్స్ కోసం పుట్టాయి. బయటివాడిని రానివ్వడం వాళ్ళు మనకి చేస్తున్న దయ కాదు, వాళ్ళ బతుకే అది. ఇప్పటికీ అంతే. క్రిక్కియత్‌లో కొండ మీద 1905లో పెట్టిన క్లబ్ ఉండేది, లాయిడ్ జార్జ్ ప్రధానమంత్రిగా ఉన్న మనిషి ఆడుకున్న చోటు, అది కొన్నేళ్ళ కింద మూతపడింది. మెంబర్లు సరిపోక. నేను అది మూసేశాక వెళ్ళి చూశాను, గ్రీన్స్ మీద గడ్డి మోకాలెత్తు పెరిగిపోయి ఏది గ్రీనో, ఏది రఫ్పో, అంటే పక్కన వదిలేసే పొడుగు గడ్డో, తెలీకుండా ఉంది, చాలా బాధేసింది.

(ప్రేక్షకుల్లోంచి: ఈ కోర్సులన్నీ గీసింది ఎవరన్నా ఒకళ్ళేనా?)

ఒకళ్ళు కాదు వదినా, కానీ కొన్ని పేర్లు మళ్ళీ మళ్ళీ వస్తాయి. అందులో నాకు అందరికన్నా ఇష్టమైనవాడు జేమ్స్ బ్రెయిడ్. స్కాట్లాండ్‌లో ఫైఫ్ వైపు పల్లెటూరివాడు, వడ్రంగం నేర్చుకున్నాడు, లండన్‌లో ఒక స్టోర్స్‌లో గోల్ఫ్ కర్రలు తయారుచేసే పనిలో చేరాడు, అక్కడినుంచి ఐదుసార్లు ఓపెన్ అనే పెద్ద గోల్ఫ్ పోటీ గెలిచి ఛాంపియన్ అయ్యాడు, 1901 నుంచి 1910 లోపల. ఆయన, హ్యారీ వార్డన్, జే.హెచ్. టేలర్, ఈ ముగ్గురినీ కలిపి పెద్ద త్రయం అనేవాళ్ళు, ముగ్గురూ కలిసి 16 ఓపెన్‌లు గెలిచారు. ఆట తగ్గాక బ్రెయిడ్ కోర్సులు గీయడం మొదలుపెట్టాడు, వందల్లో. ఆయనకి ఒక ఇబ్బంది, ప్రయాణమంటే కడుపులో తిప్పేది, ఓడ ఎక్కడమంటే భయం. అందుకని విదేశాలకి పోకుండా రైల్లో ఈ దేశంలోనే తిరిగాడు. సింగపూర్‌లో ఒక కోర్సుని మ్యాపులు చూసి ఇంటి దగ్గరే కూర్చుని గీశాడట. ఆ ఇబ్బంది వల్ల లాభపడింది మనమేనండీ, వేల్స్ మొత్తం ఆయన చెయ్యి కనపడుతుంది. ఉత్తరాన ఆంగిల్సీ దీవి పక్కన హోలీహెడ్, కిందికొస్తే పుల్‌హెలీ, నెవిన్, అబర్‌డవీలో మార్పులు, టెన్బీ, పెన్నార్డ్.

వడ్రంగి కదా, కొయ్య రేఖని చూసి చెయ్యి ఎటు పోవాలో తెలుసుకునే మనిషి. నేల మీదా అదే పని చేశాడు. ఆయన కోర్సుల్లో ఎక్కడా బలవంతంగా మట్టి పోసినట్టుండదు. గ్రీన్‌కి చోటు ముందు దొరుకుతుంది, తర్వాత అక్కడికి దారి వెతుకుతాడు. నేను కొన్నేళ్ళు ఆడాక గానీ నాకిది అర్థం కాలేదు, మొదట్లో బంతి ఎటు పోయిందా అని మాత్రమే చూసుకునేవాణ్ణి.

రెండో పేరు హ్యారీ కోల్ట్. ఈయన వేరే రకం, కేంబ్రిడ్జ్‌లో లా చదివి హేస్టింగ్స్‌లో వకీలుగా పనిచేసి, తర్వాత సన్నింగ్‌డేల్ క్లబ్‌కి సెక్రటరీ అయ్యి, చివరికి డిజైన్ చేయడమే వృత్తిగా పెట్టుకున్నాడు. 1913లో పోర్త్‌కాల్‌ని సరిచేసింది ఆయనే, తర్వాత 1930లలో టామ్ సింప్సన్ బంకర్లు, గ్రీన్‌లు మార్చాడు. మూడో పేరు హెర్బర్ట్ ఫౌలర్, ఆంగిల్సీ ఉత్తరం చివర ఆమ్లుఖ్ దగ్గర బుల్ బే కోర్సు, 1913, రాళ్ళు, ముళ్ళపొదలు, వేల్స్‌లో అన్నిటికన్నా ఉత్తరాన ఉన్న కోర్సు. ఈ కాలంవి కూడా ఉన్నాయి, లానెల్లీ దగ్గర మహనిస్, ఒకప్పుడు తగరపు రేకుల ఫ్యాక్టరీలున్న నేల, దాన్ని బాగుచేసి అమెరికా గోల్ఫ్ ఆటగాడు జాక్ నిక్లాస్ కంపెనీ చేత గీయించారు, 2005లో తెరిచారు. పాడైపోయిన ఫ్యాక్టరీ నేల మళ్ళీ పచ్చబడింది, అది మంచి పనే.

న్యూపోర్ట్ కెల్టిక్ మేనర్ అందరికీ తెలుసు, ఎం4 మీద పోతుంటే కొండ మీద పెద్ద హోటల్ కనపడుతుంది. సర్ టెర్రీ మాథ్యూస్ కట్టించారు, ఆయన పుట్టింది ఆ బిల్డింగ్‌లోనే, అప్పుడది ప్రసూతి ఆసుపత్రి. 2010 రైడర్ కప్, అంటే యూరప్, అమెరికా జట్ల పోటీ, అక్కడే జరిగింది, దానికోసమే ప్రత్యేకంగా కోర్సు కట్టారు, అప్పుడు వేల్స్ వాన తన సత్తా చూపించింది, అమెరికా టీమ్ రెయిన్‌కోట్లలోకి నీళ్ళు దిగిపోతే కోర్సులో ఉన్న షాపులోంచి కొత్తవి కొనుక్కున్నారు, చరిత్రలో మొదటిసారి సోమవారం దాకా పోయింది, యూరప్ ఒకే ఒక్క పాయింట్ తేడాతో గెలిచింది. రిసార్ట్ కాబట్టి ఎవరైనా ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవచ్చు. బాగుంటుంది. కానీ నా మనసుకి అది హోటల్ తోటలా అనిపిస్తుంది, ఆ నదీలోయ ఏ దేశంలోనైనా ఉండొచ్చు. పోర్త్‌కాల్ అలా కాదు.

పోర్త్‌కాల్‌లో ప్రతి హోల్ నుంచీ సముద్రం కనపడుతుంది. చెట్టన్నది లేదు. గాలిని ఆపేది ఏదీ లేదు. ఒకే హోల్ పొద్దున ఒకలా సాయంత్రం ఇంకోలా ఉంటుంది, గాలి తిరిగితే చాలు. 1995లో వాకర్ కప్ అక్కడ జరిగింది, పంతొమ్మిదేళ్ళ టైగర్ వుడ్స్ వచ్చాడు అమెరికా తరఫున. మొదటి రోజు గ్యారీ వోల్‌స్టెన్‌హోమ్ అనే ఇంగ్లండ్ అమెచ్యూర్, బంతిని టైగర్ కన్నా చాలా తక్కువ దూరం కొట్టే మనిషి, చివరి హోల్ దాకా లాక్కెళ్ళి ఓడించాడు, టైగర్ కొట్టిన బంతి హద్దు దాటి బయట పడింది. మర్నాడు మళ్ళీ అతనితోనే పడి టైగర్ గెలిచాడనుకోండి, కానీ కప్పు మాత్రం ఇక్కడే ఉండిపోయింది, 14-10. ఆ కోర్సులో బలం ఒక్కటే చాలదని అప్పుడే తెలిసింది. 2014లో యాభై దాటినవాళ్ళ పోటీ, సీనియర్ ఓపెన్, జరిగితే బెర్నార్డ్ లాంగర్ ఏకంగా 13 షాట్ల తేడాతో గెలిచాడు. అదే కోర్సు, 2023లో, వానా గాలీ కలిసి కొడితే గెలిచినాయన స్కోరు పార్ కన్నా 5 ఎక్కువ. అదీ పోర్త్‌కాల్ అంటే. 2025 ఆగస్టులో విమెన్స్ ఓపెన్ మొదటిసారి వేల్స్‌కి వచ్చింది, అక్కడికే, జపాన్ అమ్మాయి మియు యమషిత గెలిచింది. మా ఇంట్లో ఆడపిల్ల ఉంది, తనని తీసుకెళ్ళి చూపించాను, ఆ చిన్న మనిషి ఆ గాలిలో అంత కుదురుగా ఎలా కొడుతోందో అని నోరు తెరుచుకుని చూసింది. ఆ రోజునుంచి ఇంట్లో హాల్లో పుటింగ్, అంటే బంతిని గుంటలోకి దొర్లించే ప్రాక్టీస్.

సరే, అసలు సంగతి, లోపలికి ఎలా వెళ్ళాలి.

ముందు నా అనుభవం చెప్తాను. కొత్తల్లో ఒక శనివారం పొద్దున్నే, పేరెందుకులెండి, ఒక క్లబ్‌కి వెళ్ళిపోయాను, ఫోన్ చెయ్యలేదు ఏం లేదు, బ్యాగ్ భుజాన వేసుకుని. కౌంటర్ దగ్గరాయన ముఖం కూడా సరిగ్గా చూడకుండా "ఈరోజు కుదరదు" అన్నాడు. అంతే. నేను కారులో కూర్చుని పావుగంట అలాగే ఉండిపోయాను. నా రంగు చూసి అన్నాడా, నా బూట్లు చూసి అన్నాడా అని ఏవేవో అనుకున్నాను. ఆ ముక్క ఆయన ఇంకాస్త మర్యాదగా చెప్పాల్సింది, అది ఇప్పటికీ అంటాను. కానీ సంగతేంటంటే శనివారం పొద్దున చాలా క్లబ్బుల్లో మెంబర్ల పోటీ ఉంటుంది, టీ మొత్తం వాళ్ళకే బ్లాక్ చేసి ఉంటుంది, ఆ టైమ్‌లో వెళ్తే పక్క ఊరి దొరకైనా అదే సమాధానం. నాకది చెప్పేవాళ్ళు లేరు. మీకు చెప్పడానికి నేనున్నాను కదా.

కాబట్టి మంగళవారం, బుధవారం, గురువారం చూసుకోండి. ఆదివారం మధ్యాహ్నం కూడా చాలాచోట్ల దొరుకుతుంది. వెబ్‌సైట్‌లో విజిటర్స్ అని ఉంటుంది, అక్కడ టీ టైమ్స్, అంటే ఆట మొదలుపెట్టే టైములు, కనపడతాయి, కనపడకపోతే క్లబ్బులోనే ఉండే గోల్ఫ్ సామాను షాపు, ప్రో షాప్‌కి ఫోన్ చెయ్యండి, సెక్రటరీకి కాదు ప్రో షాప్‌కి, వాళ్ళకి రోజూ అదే పని, ఎంతో ఓపిగ్గా చెప్తారు. ఫోన్‌లో "మేము ముగ్గురం, కొత్తగా నేర్చుకుంటున్నాం, ఏ టైమ్‌లో వస్తే వెనకవాళ్ళకి ఇబ్బంది లేకుండా ఉంటుంది" అని అడగండి. ఈ ఒక్క ప్రశ్న అడిగితే చాలండీ, అవతలి గొంతు మారిపోతుంది, నేను చాలాసార్లు చూశాను. పోర్త్‌కాల్ లాంటి పెద్ద క్లబ్బులు హ్యాండిక్యాప్, అంటే మీ ఆట స్థాయి చెప్పే అంకె, ఉందా అని అడుగుతాయి, అది అడగాల్సిందే, అంత కష్టమైన కోర్సులో కొత్తవాళ్ళు దిగితే వెనక పది జట్లు ఆగిపోతాయి. చిన్న క్లబ్బులు చాలావరకు అడగవు. గ్రీన్ ఫీ, అంటే ఒకసారి ఆడటానికి కట్టే ఫీజు, అదీ అంతే, పోర్త్‌కాల్‌లో ఎండాకాలం ఒక మనిషికి కట్టేది నలుగురున్న ఇంటికి వారం సరుకుల కన్నా ఎక్కువ, అదే చలికాలం బాగా తగ్గుతుంది, సాయంత్రం ట్విలైట్ రేటు అని ఉంటుంది, జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురే కదా, నాలుగింటికి మొదలుపెట్టినా తీరిగ్గా పూర్తవుతుంది. ఇంకోటి, ఓపెన్ కాంపిటీషన్ అని పెడుతుంటారు, హ్యాండిక్యాప్ ఉన్న బయటి క్లబ్బుల వాళ్ళు ఎవరైనా తక్కువ ఫీజుతో ఆడొచ్చు.

బట్టలు, కాలర్ ఉన్న టీషర్ట్, జీన్స్ కాకుండా మామూలు ప్యాంటు, అది చాలు. గ్రీన్ మీద మీ బంతి పడ్డచోట చిన్న గుంట పడుతుంది, దాన్ని సరిచేయండి. బంకర్‌లో నడిచాక రేక్‌తో ఇసుక సర్దండి. ఇవి రెండూ చేసేవాణ్ణి అక్కడ ఎవరూ కొత్తవాడిలా చూడరు.

(ప్రేక్షకుల్లోంచి: గొర్రె పెంట మీద బంతి పడితే ఏం చెయ్యాలండీ?)

మంచి ప్రశ్న, నిజంగా అడగాల్సిందే. జంతువులు తిరిగే కోర్సుల్లో దానికి లోకల్ రూల్ ఉంటుంది, స్కోర్‌కార్డు వెనక చదవండి. పెంటలో పడ్డా, ఆవు గిట్ట గుంటలో పడ్డా బంతి తీసి పక్కన వేసుకోవచ్చు, దెబ్బ లెక్కలోకి రాదు. పెన్నార్డ్‌లో ఒకసారి నా బంతి పడుకున్న ఆవు పొట్ట పక్కనే ఆగింది, అది నెమరేస్తూ నా వైపు చూస్తోంది. నాతో ఆడుతున్న పెద్దాయన, అక్కడ నలభై ఏళ్ళ మెంబర్, "వదిలెయ్, దాని నేల" అని ఇంకో బంతి తీసి నా చేతిలో పెట్టాడు.

ఆడనివాళ్ళ సంగతి కూడా చెప్పాలి. 2000లో వచ్చిన చట్టం కొండలు, కామన్‌లు జనానికి నడవడానికి తెరిచింది, గోల్ఫ్ కోర్సుల్ని మాత్రం అందులోంచి మినహాయించింది. కానీ అంతకుముందునుంచీ ఉన్న ఫుట్‌పాత్‌లు అలాగే ఉన్నాయి, వాటిని క్లబ్బు మూసెయ్యడానికి లేదు. 2012లో వేల్స్ కోస్ట్ పాత్ తెరిచారు, దేశం తీరమంతా చుట్టి 870 మైళ్ళు, అది నెవిన్ దగ్గర పోతుంది. ఎన్ ఈ ఎఫ్ వై ఎన్ అని రాస్తారు, వెల్ష్‌లో ఎఫ్ ఒక్కటుంటే వ. అక్కడ పోర్త్‌దిన్‌లైన్ అని సన్నటి కొమ్ములా సముద్రంలోకి పొడుచుకొచ్చిన నేల ఉంది, దాని మీద హోల్స్, రెండు పక్కలా నీళ్ళు. కింద బీచ్ మీద టీ కోఖ్ అని పాత పబ్, అంటే ఎర్ర ఇల్లు. బయటివాళ్ళ కార్లు కిందకి రానివ్వరు, బీచ్ వెంబడి నడవాలి, లేదా గోల్ఫ్ కోర్సు మధ్యలోంచి నడవాలి. పిల్లల్తో, కుక్కల్తో జనం అలా నడుస్తూనే ఉంటారు, ఆడేవాళ్ళు ఆగి చెయ్యి ఊపి వాళ్ళు దాటాక కొడతారు. ఎవరన్నా "ఫోర్" అని, అంటే బంతి మీ వైపు వస్తోంది జాగ్రత్త అని, అరిస్తే మాత్రం తల చేతుల్తో కప్పుకుని వంగండి, పైకి చూడొద్దు. పిల్లలకి ముందే నేర్పండి ఇది.

అలాగే సరిహద్దులో లానమనెఖ్, ఇయాన్ వూస్‌నమ్ నేర్చుకున్న కోర్సు, 1991లో అమెరికాలో జరిగే పెద్ద పోటీ, మాస్టర్స్, గెలిచిన ఆయన. అక్కడ నాలుగో హోల్ వేల్స్‌లో కొడితే బంతి ఇంగ్లండ్‌లో పడుతుంది. మా అబ్బాయికి ఆ ఒక్క హోల్ కోసమే వెళ్ళాలి.

(ప్రేక్షకుల్లోంచి: బాబూ, నేను మా అమ్మాయి దగ్గరకి ఆరు నెలలకి వచ్చాను, నాకు ఆట రాదు, మోకాళ్ళ నొప్పులు. మాలాంటి వాళ్ళం చూడ్డానికి ఏమన్నా ఉందా?)

ఉందమ్మా, తప్పకుండా ఉంది. మా అమ్మ వచ్చినప్పుడు పెన్నార్డ్ తీసుకెళ్ళాను. సౌత్‌గేట్‌లో క్లబ్‌హౌస్ దగ్గరే కారు ఆపి, కామన్ మీద ఉన్న దారిలో మెల్లగా నడిచాం. ఏడో హోల్ దగ్గర పాత కోట గోడలు ఉంటాయి, ఎనిమిది తొమ్మిది వందల ఏళ్ళ నాటి కోట, ఇసుక తుఫాన్లకి బతకలేక జనం వదిలేసి వెళ్ళిపోయారు. ఊళ్ళో కథైతే వేరు, కోట దొర దేవకన్యల్ని అవమానిస్తే వాళ్ళు ఒక్క రాత్రిలో ఇసుక కురిపించారని. ఆ గోడ పక్కనుంచి కిందకి చూస్తే ఏరు మెలికలు తిరుగుతూ త్రీ క్లిఫ్స్ బేలో కలుస్తుంటుంది. మా అమ్మ ఆ గడ్డి మీద కూర్చుని గంటసేపు కదల్లేదు. ఒక ఆవు దగ్గరకొస్తే గంగడోలు నిమిరింది, మన ఇంటి ఆవుని నిమిరినట్టే. నలుగురు ముసలాళ్ళు ఆడుకుంటూ వచ్చి, మేం ఉన్నామని ఆగి, టోపీలు తీసి నమస్కారం లాగా తల ఊపి, మా అమ్మ లేవబోతే కూర్చోమని చేత్తో సైగ చేసి, పక్కగా కొట్టుకుని వెళ్ళారు.

మీరూ రండమ్మా. వచ్చే శనివారం మధ్యాహ్నం మేం రెండు కార్లలో వెళ్తున్నాం, ఒకదాంట్లో ముందు సీటు ఖాళీగా ఉంది. పార్క్‌మిల్ వైపు నుంచి వద్దు, ఆ ఇసుక ఎక్కుడు మీ మోకాళ్ళకి పడదు. సౌత్‌గేట్ నుంచే వెళ్దాం, అటు నేల చదునుగా ఉంటుంది. స్వెటర్ ఒకటి, మఫ్లర్ ఒకటి తెచ్చుకోండి, పులిహోర నేను తెస్తాను.